ఇంటి వయసు

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే ప్యాసింజరు ఎక్కితే వేజండ్ల దాటాక వచ్చే స్టేషను సంగం జాగర్లమూడి. పేరులో ఆ 'సంగం' ఏమిటని అడిగితే సంగమేశ్వరస్వామి గుడి చూపిస్తారు. మా తాతల ఇల్లు ఆ ఊళ్ళోనే. మండువా లోగిలి, పెంకుల కప్పు, వీధివైపు రెండు అరుగులు. అమ్మ పోయాక దాని తాళంచెవి నా చేతికొచ్చింది. వెనకే ఒక బేరం కూడా వచ్చింది. పాత కలప కొనే మనిషి ఇల్లు విప్పించి స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు లారీకెత్తుకుపోతానన్నాడు. ఆ డబ్బుతో నా ఫ్లాటు లోను కొంత తీరుతుంది.

ఆలోచించుకుంటానని చెప్పి, ముందు ఇంటి వయసెంతో కనుక్కుందామనుకున్నాను. "నూటేభై ఏళ్ళు" అన్నాడు బాబాయి. "కాదు, మీ ముత్తాత రెండో పెళ్ళప్పుడు కట్టించాడు, నూరు కూడా ఉండవు" అంది మేనత్త. కాగితం ఏదీ లేదు. ఇక ఇంటినే అడగాలి.

కారే చోట పెంకులు దించుతుంటే, మేస్త్రీ ఒకటి తిరగేసి చూపించాడు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు, సగం అరిగిపోయిన కంపెనీ పేరు. మనవాళ్ళు దీన్ని బెంగుళూరు పెంకు అంటారు గానీ అసలు పుట్టిల్లు మంగుళూరు. బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ 1865లో యంత్రం మీద పెంకులు ఒత్తడం మొదలుపెట్టారు. ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో కూర్చుంటుంది కాబట్టి కోతులు ఎగిరినా, గాలి వీచినా త్వరగా జరగదు. తర్వాత అదే నమూనా చాలాచోట్ల తయారైంది. గుంటూరు–తెనాలి–రేపల్లె రైలు మార్గం 1916 నాటిది. అంత బరువైన సరుకు మా ఊరిదాకా రావడం ఆ తర్వాతే తేలికయ్యుంటుంది.

స్తంభాలు బర్మా టేకు. ఇది రెండో గడియారం. ఇంగ్లీషువాళ్ళు 1886లో ఎగువ బర్మాని కూడా కలిపేసుకున్నాక అక్కడి అడవులు పూర్తిగా వాళ్ళ చేతికొచ్చాయి. టేకు దుంగలు సముద్రం దాటి మన రేవులకి వచ్చేవి. అదే సముద్రం మీద మన తెలుగువాళ్ళు కూలికోసం రంగూన్ వెళ్ళేవాళ్ళు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. కలప రావడం ఆగింది, మనుషులు కాలినడకన అడవులు దాటి పారిపోయి వచ్చారు. అంటే మా టేకు స్తంభాలు 1942కి ముందువే అయ్యుండాలి. అత్తయ్య లెక్క సరిపోయింది.

కానీ వెనక వసారాలో టేకు లేదు. తాటి దూలాలు, వాటిమీద కుమ్మరి చేసిన చిన్న నాటు పెంకులు, మట్టితో పేర్చిన ఇటుక గోడ. ఇది పాతది. ఎంత పాతదంటే, కాలువల కథ చెప్పుకోవాలి. 1832–33 నందన కరువులో గుంటూరు ప్రాంతం శవాల దిబ్బ అయింది. బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. పశ్చిమ డెల్టా కాలువల్లోకి నీళ్ళొచ్చాయి, మెట్ట చేలు మాగాణి అయ్యాయి, వరి డబ్బులొచ్చాయి. పూరిళ్ళ మీదకి పెంకు ఎక్కింది అప్పుడే. బాబాయి చెప్పిన నూటేభై ఏళ్ళు ఈ వసారావి కావచ్చు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంటికి ఒక వయసు లేదు.

ఇక్కడే చిక్కొచ్చింది. "పాత ఇంటిని మళ్ళీ అసలు రూపానికి తెస్తాం" అని నగరం నుంచి వచ్చిన ఒక ఆర్కిటెక్టు చెప్పాడు. ఏ అసలు రూపం? తాటి దూలాలదా, టేకు స్తంభాలదా? 1877లో ఇంగ్లండులో విలియం మోరిస్, అతని స్నేహితులు పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టింది ఈ తగాదా మీదే. అప్పట్లో పాత చర్చిల్లో తర్వాతి కాలపు చేర్పులన్నీ చెక్కేసి, ఊహించుకున్న 'మొదటి రూపం' కట్టేవాళ్ళు. అది పునరుద్ధరణ కాదు, చరిత్రని చెరిపెయ్యడం అన్నది మోరిస్ వాదన. రోజువారీ మరమ్మతు చేస్తూ ఉండండి, అన్ని కాలాల గుర్తులూ ఉండనివ్వండి అన్నాడు. మన అమ్మమ్మలు ఏటా వానలకి ముందు కప్పు సర్దించేవాళ్ళు. వాళ్ళు మోరిస్‌ని చదవలేదు.

మా ఇంటికి మూడో వయసు కూడా ఉంది, మా నాన్నది. ఇరవై ఏళ్ళ కిందట గోడలకి చెమ్మ ఎక్కుతోందని కింద మూడడుగుల మేర సిమెంటు పూత పెట్టించాడు. ఇప్పుడు చెమ్మ నాలుగడుగులకి ఎక్కింది. సిమెంటు పైన సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది, వేలితో గీస్తే తెల్లటి ఉప్పు. కారణం తేలికే. ఇటుక నేలలో తడిని పైకి పీలుస్తుంది. సున్నపు పూత ఆ తడిని గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దారి మూసుకుపోయిన నీరు ఇంకా పైకి ఎక్కి, మొదట దొరికిన సున్నం దగ్గర బయటపడుతుంది. తనతో తెచ్చిన ఉప్పుని అక్కడ వదిలి గోడని కొరుకుతుంది.

"ముందు ఇదంతా చెక్కెయ్యాలి బాబూ" అన్నాడు మేస్త్రీ. "మళ్ళీ పూత ఎప్పుడు?" అంటే, "కాలువ కట్టేశాక చూద్దాం. గోడ ఎండాలిగా" అన్నాడు. డెల్టాలో గోడ పంచాంగం కాలువ చేతిలో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కాలువలు పారుతున్నంతకాలం నేల తడిగానే ఉంటుంది. నీళ్ళు ఆపాక వేసవిలో గోడ ఆరింది. ఆ తర్వాత సున్నం, ఇసుక కలిపి పల్చగా రెండు పూతలు. ఎండకి గబుక్కున ఆరితే బీటలిస్తుందని తడి గోనెపట్టాలు వేలాడదీశాం. సున్నం గట్టిపడేది గాలిలో బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని, నెలల తరబడి. ఎద్దుల గానుగ ఇప్పుడెక్కడుంది? మేస్త్రీ కుంటలో నానబెట్టి మర ఆడించాడు. నాన్నని తప్పుపట్టలేను. ఆ రోజుల్లో ఎవర్నడిగినా సిమెంటే చెప్పేవాళ్ళు.

చివరికి మిగిలింది వెనక గుమ్మం. దాన్ని ఇటుకతో మూసి అక్కడ బాత్రూమ్ కట్టాలని నా ప్లాను. వడ్రంగి గడప మీద చెయ్యి పెట్టి చూశాడు. ముందు గడప ఇంకా నున్నగా, అంచులు తేలి ఉంది. వెనకది మధ్యలో గిన్నెలా లోపలికి అరిగిపోయింది.

"దీన్ని మా తాత ఎరుగును బాబూ" అన్నాడు. "మీ పాలేరు ఆయన. ముందు గుమ్మం మాత్రం ఆయనకి తెలీదు."

నేను ఏం మాట్లాడలేకపోయాను. పెంకులు చదివాను, టేకు చదివాను, కాలువల లెక్కలు వేశాను. ఆ వరి పండించిన మనుషులు ఇంట్లోకి ఏ దారిన వచ్చేవాళ్ళో అడగాలని నాకు తట్టలేదు. వాళ్ళ పేర్లు మా బంధువులెవరికీ గుర్తులేవు. వాళ్ళు ఇక్కడ నడిచారనడానికి మా ఇంట్లో మిగిలిన రుజువు అరిగిన ఆ చెక్క ఒక్కటే. దాని మీద ఇటుక పేరిస్తే అదీ పోతుంది.

బాత్రూమ్ పక్క గోడకి జరిగింది. చెదలు తిన్న ద్వారబంధం కింది భాగం వరకే కోసి కొత్త ముక్క అతికించాడు వడ్రంగి. అతుకు కనపడేలాగే ఉంచమన్నాను. గడపని ముట్టుకోలేదు. అన్నీ కలిపి కలప బేరగాడు ఇస్తానన్నదానికి రెట్టింపు ఖర్చయింది. ఫ్లాటు లోను అలాగే ఉంది.

పని అయిపోయిన రోజు మధ్యాహ్నం అందరికీ భోజనాలు మండువాలోనే పెట్టాం. వడ్రంగి ముందు గుమ్మంలోంచే వచ్చాడు. తిని చెయ్యి కడుక్కుని, అలవాటో ఏమో, వెనక గుమ్మంలోంచి వెళ్ళాడు.