సీలు వేసిన కవరులో అమ్మ పేరు

1856లో స్వీడన్‌లో ఒక చిత్రమైన ఏర్పాటు వచ్చింది. పెళ్లి కాకుండా బిడ్డను కన్న తల్లి పేరు బయటపెట్టనక్కర్లేదు. చీటీ మీద రాసి, కవరులో పెట్టి సీలు వేసి, చర్చి పాస్టరు చేతికిస్తే చాలు. రిజిస్టరులో మాత్రం ‘తల్లి ఎవరో తెలియదు’ అనే ఉంటుంది. ఇది చదివినప్పటి నుంచి నా మనసంతా ఆ కవర్ల మీదే ఉంది.

అంతకుముందు ఆ చీటీ కూడా లేదు. పరువుకు భయపడి పసికందుల్ని చంపేస్తున్నారని, కాన్పప్పుడు తల్లి పేరు ఎవరూ అడగకూడదని 1778లో మూడో గుస్తావ్ రాజు శాసించాడు. దయ గల శాసనమే. కానీ బతికిన బిడ్డలకు అమ్మ పేరు లేకుండా పోయింది.

స్టాక్‌హోమ్‌లో 1633 నాటి పెద్ద అనాథాశ్రమం పిల్లల్ని పల్లెల్లో రైతుల ఇళ్లకు పంపి, పెంచినందుకు డబ్బిచ్చేది. చాలామంది పసితనంలోనే పోయారు. మిగిలినవాళ్లు ఏ ఊరు చేరినా పాస్టరు కలం తప్పేది కాదు. 1686 నాటి చర్చి చట్టం ప్రకారం ఆయన ఇంటింటి లెక్క రాయాలి: చదవడం వచ్చా, మతపాఠాలు వచ్చా, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎటు వెళ్లాడు. అనాథ ముత్తాత కోసం వెతికే మునిమనవరాలు నేటికీ ఆ పుస్తకాలు పట్టుకునే ఊరి నుంచి ఊరికి వెళ్లగలదు. తల్లులు పేరు దాచుకునే హక్కు 1917లో పోయింది.

మన హైదరాబాద్‌లో విక్టోరియా రాణి పేరిట సరూర్‌నగర్ ప్యాలెస్ అనాథ పిల్లల ఇల్లయింది. ఇప్పుడు నగరంలో దొరికిన పసిబిడ్డలు చేరేది అమీర్‌పేట పక్కన, మధురానగర్‌లోని శిశువిహార్‌కు. విదేశీ దత్తతకు కట్టుబాట్లు వచ్చింది లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు రాసిన ఉత్తరం వల్ల. దాని మీదే సుప్రీంకోర్టు 1984లో తీర్పిచ్చింది. అయినా నల్లగొండ తండాల్లో ఆడపిల్లల్ని కొని దత్తతకు ఇస్తున్నారన్న కేసులు 1999, 2001లలో బయటపడ్డాయి. అమ్మకందారు కాగితంలో తల్లి మాట ఉండదు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. విదేశీ దత్తతల కాగితాల్లోని తప్పులు చూశాక స్వీడన్ విచారణ సంఘమే 2025లో వాటిని ఆపేయమంది.

మన దేశ నిబంధనల ప్రకారం దత్తత వెళ్లిన బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండాక తనంతట తానే మూలాలు వెతుక్కోవచ్చు. పేరు దాచమని తల్లి కోరి ఉంటే, ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మూడో మనిషి వెతకడం కుదరదు. ఆనాడు దత్తత ఇచ్చిన ఏజెన్సీ మూతపడి ఉంటే, ఫైలు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో ముందు కనుక్కోవాలి.