మోటుపల్లి అభయం: ఓడసరుకు రక్షణకు కాకతీయుల కట్టడి

తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలోని సరుకు ఎవరిదన్న ప్రశ్నకు మధ్యయుగపు భారత తీరంలో పలుచోట్ల వినవచ్చిన సమాధానం, అది ఆ ఒడ్డునేలే ప్రభువుదేనన్నది. వెనిస్ యాత్రికుడు మార్కోపోలో వృత్తాంతం ప్రకారం, మలబారు తీరంలోని ఏలిమల రాజ్యంలో వేరొక రేవుకు పోవలసిన ఓడ దారితప్పి వచ్చి లంగరు దింపితే, దైవమే దానిని తమకు పంపిందని చెప్పి అక్కడివారు సరుకంతా దోచుకొనేవారు. నడిసంద్రంలో ఓడదొంగలను తప్పించుకొన్న వర్తకుడు తీరాన అధికారం చేతిలోనే నిలువుదోపిడికి గురికావడం ఈ ఆచారంలోని ఘోరం.

తెలుగు తీరంలో ఈ అన్యాయానికి అడ్డుకట్ట వేసినది కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయంలో 1244–45లో స్తంభంపై చెక్కించిన ఈ శాసనం, ద్వీపాంతరాల నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చే సముద్ర వర్తకులకు రాజు ఇచ్చిన రక్షణ వాగ్దానం. గాలివానకు విరిగి రేవుకు చేరిన ఓడల నుంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వరాజులు బలవంతంగా లాక్కొనేవారని అందులో దాపరికం లేకుండా చెప్పి, ప్రాణాలకు తెగించి సాగరం దాటే వర్తకులపై దయతోను, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, క్లృప్తశుల్కం తప్ప తక్కినదంతా విడిచిపెట్టినట్లు గణపతిదేవుడు ప్రకటించాడు. క్లృప్తశుల్కమంటే ముందుగా నిర్ణయించిన సుంకం. అది ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యవ వంతు.

శాసనం ఈ మాటతో ఆగక, గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కల వంటి సరుకులపై ఎంతెంత వసూలు చేయాలో వివరంగా పేర్కొన్నది. రేటు రాతిపై అందరికీ కనబడేటట్లు ఉన్నందువల్ల రేవు అధికారి ఇష్టం వచ్చినంత గుంజడానికి వీలు తగ్గింది, వర్తకుడికి తాను చెల్లించవలసినదెంతో ముందే తెలిసింది. మేలుజాతి గుర్రాలకు సముద్ర వర్తకంపై ఆధారపడిన కాలంలో ఈ నమ్మకం రాజ్యానికీ అవసరమే కనుక, గణపతిదేవుని దయలో దూరదృష్టి కూడా కలిసి ఉన్నదనవచ్చు.

ఒక రాజు ఇచ్చిన అభయం అతనితోనే అంతరించే ప్రమాదం ఉన్నది. కాకతీయ రాజ్యం 1323లో పతనమైన తరువాత, కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ శాసనపూర్వకంగా అభయమిచ్చి, వారసులు లేకుండా మరణించినవారి ఆస్తిని రాజ్యం స్వాధీనం చేసుకొనే అపుత్రిక విధానాన్ని కూడా వారి విషయంలో రద్దు చేశాడు.

స్వతంత్ర భారతం 1958లో చేసిన వాణిజ్య నౌకాయాన చట్టం, పగిలిన ఓడ సరుకును ప్రభుత్వాధికారి భద్రపరచాలనీ, యజమాని ఏడాదిలోగా హక్కు నిరూపించుకొని, ఖర్చులు చెల్లించి దానిని తిరిగి పొందవచ్చనీ నిర్దేశించింది. ఆపదలో ఉన్నవాని సొత్తును కాపాడవలసిన చేయి దానిని కాజేయరాదన్న ఈ సూత్రాన్ని, ఏడు శతాబ్దాల ముందే మోటుపల్లి స్తంభం తెలుగు తీరాన నిలబెట్టింది.