ఇనుప ఊపిరితిత్తులు: ఆసుపత్రులకు చేరిన కథ

గంటజాడీ అడుగున కట్టిన రబ్బరు పొరను క్రిందికి లాగినప్పుడు లోపలి బుడగలు ఉబ్బుటను విద్యార్థులు తరగతిలో చూచియే యుందురు. ఇనుప ఊపిరితిత్తులు అను యంత్రమునకును సూత్రమదియే. రోగి తల వెలుపల నుండును. దేహమంతయు గాలి చొరని పెట్టెలో నుండును. పెట్టెలోని పీడనము తగ్గినప్పుడు రొమ్ము ఉబ్బి గాలి లోనికి పోవును. పీడనము పెరిగినప్పుడు వెలుపలికి వచ్చును. పోలియో వలన ఊపిరి తీయు కండరములు చచ్చుబడిన వారికై హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా దీనిని నిర్మించిరి. 1928 లో బోస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో ఎనిమిదేండ్ల బాలికకు మొదట వాడిరి.

యంత్రము మంచిదే, కాని మిక్కిలి బరువైనది, ఖరీదైనది. ఆస్ట్రేలియాలో ఎడ్వర్డ్ బోత్ అనునతడు ప్లైవుడ్డుతో చవుకగా మరియొక దానిని చేసెను. బ్రిటనులో మోటారుకార్ల వ్యాపారమున ధనము గడించిన లార్డ్ నఫీల్డ్ 1938 లో దీనిని గురించి తెలిసికొని, అడిగిన ప్రతి ఆసుపత్రికిని ఉచితముగా ఇత్తునని ప్రకటించి, ఆక్స్‌ఫర్డు చెంత కౌలీలోని తన కార్ల కర్మాగారములోనే చేయించెను. బ్రిటనునందును, నాటి సామ్రాజ్యమందును సుమారు 1700 పెట్టెలు పంచిపెట్టబడినవి.

ఊరక వచ్చు యంత్రమును వలదను ఆసుపత్రి యుండునా? కాని దీనిని నడుప నేర్చినవారు ఎందరు గలరని కొందరు వైద్యులు ఆనాడే అడిగిరి. రోగిని రాత్రింబవళ్లు కనిపెట్టి యుండు నర్సులు కావలెను. మెడ చుట్టు పట్టీ వదులైనచో గాలి కారిపోవును. నేను చదివిన పాఠశాలకు ఎవరో దాత సూక్ష్మదర్శిని నిచ్చెను. పగులునేమో యని దానిని బీరువాలో పెట్టి తాళము వేసిరి. మేము బీరువా అద్దము గుండ దానినే చూచితిమి!

1952 వేసవిలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో పోలియో చెలరేగెను. బ్లెగ్డాం ఆసుపత్రిలో పెద్ద పెట్టె ఒక్కటియు, రొమ్మునకు మాత్రము తొడుగు యంత్రములు ఆరును ఉండెను. చిక్కు లెక్కలోనే కాదు. గొంతు కండరములు కూడ పడిపోయినవారు ఉమ్మిని, కఫమును మింగలేకుండిరి. అవి ఊపిరి గొట్టములోనికి దిగుచుండెను. పెట్టె దానికేమి చేయగలదు? యంత్రములలో ఉంచిన మొదటి 31 మందిలో 27 మంది మరణించిరి.

ప్రధాన వైద్యుడు లాసెన్, మత్తుమందు వైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్‌ను సలహాకై పిలిచెను. ఆగస్టు 27 న పండ్రెండేండ్ల బాలికకు కంఠమున రంధ్రము చేయించి, గొట్టమమర్చి, ఇబ్సెన్ ఒక రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరి నందించెను. శస్త్రచికిత్స గదిలో నిత్యము వాడు సంచియే యది. బాలిక బ్రదికెను. అటుపై సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసికొని, పగలు రేయి రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి. ఒక్కొక్కప్పుడు 70 మందికి ఒకేసారి నొక్కవలసి వచ్చెను. రోగులలో సగముకంటె ఎక్కువమంది బ్రదుకసాగిరి.

ఆ సంచిని నొక్కు పనినే చేయు యంత్రములకై ఆసుపత్రులు వెదకినది ఆ తరువాతనే. స్వీడనులో ఎంగ్‌స్ట్రోం నిర్మించినది వానిలో నొకటి. 1953 లో ఇబ్సెన్ కోపెన్‌హాగెనులోని వేరొక ఆసుపత్రిలో, ప్రాణాపాయములో నున్న రోగులను అన్ని వేళల కనిపెట్టి చూచుటకై ప్రత్యేక విభాగము నేర్పరచెను. నేడు మనము ఐ.సి.యు. అని పిలుచునది దాని వంశమే.