సూదితో మత్తుమందు తీసుకునేవారికి జాతీయ మార్గదర్శకాలు: ఏముంటాయి, కుటుంబాలు ఏం తెలుసుకోవాలి?

ఇంట్లో కుర్రాడు సూదితో మత్తుమందు తీసుకుంటున్నాడని తెలిసిన రోజు ఏ కుటుంబమైనా ముందు రెండు విషయాలకు భయపడుతుంది. పోలీసులకు తెలిస్తే ఏమవుతుంది? బస్తీలో తెలిస్తే పరువు ఏం కావాలి? ఈ కంగారులో అసలు అడగాల్సిన ప్రశ్న వెనక్కిపోతుంది. అతను వాడిన సూది ఎవరిది? అంతకుముందు దాన్ని ఇంకెవరైనా వాడారా?

మన దేశంలో ప్రభుత్వం ఈ విషయంపై రూపొందించిన మార్గదర్శకాలు ఆ ప్రశ్నతోనే మొదలవుతాయి. వీటినే ‘హాని తగ్గింపు’ విధానం అంటారు. మత్తు మానేయడం మంచిదే, కానీ మానేసే రోజు వచ్చేదాకా మనిషి బతికి ఉండాలి, రోగాల బారిన పడకుండా ఉండాలి అన్నదే దీని సారాంశం.

మణిపూర్‌లో మొదలైంది

మయన్మార్ సరిహద్దులో ఉన్న మణిపూర్‌లో 1980ల్లో హెరాయిన్ వాడకం బాగా పెరిగింది. ఒకే సిరంజిని నలుగురైదుగురు పంచుకునేవారు. 1989-90లో అక్కడ సూదితో మత్తు తీసుకునేవారిలో హెచ్‌ఐవీ బయటపడింది. కొద్ది నెలల్లోనే పరీక్ష చేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి అది సోకినట్టు తేలింది. తర్వాత వారి భార్యలకు, పుట్టిన పిల్లలకు కూడా చేరింది.

అరెస్టులతో ఇది ఆగలేదు. దాక్కున్న మనిషి డాక్టర్ దగ్గరికి రాడు, దొరికిన సూదినే వాడతాడు. అందుకే 1990ల్లో మణిపూర్‌లో స్వచ్ఛంద సంస్థలు కొత్త సూదులు ఇచ్చి పాతవి వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాయి. 1996లో మణిపూర్ తన ఎయిడ్స్ విధానంలో ఈ పద్ధతికి చోటిచ్చింది. 2002లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ విధానం కూడా దీన్ని అంగీకరించింది. 2007లో మొదలైన జాతీయ కార్యక్రమం మూడో దశలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) దేశమంతటికీ పనికొచ్చే మార్గదర్శకాలు ఇచ్చింది.

మార్గదర్శకాల్లో ఏముంటుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలు 2009లో తొమ్మిది సేవలతో ఒక జాబితా ఇచ్చాయి. మన దేశ కార్యక్రమంలోని ప్రధాన సేవలు కూడా దాదాపు ఇవే:

• కొత్త సూదులు, సిరంజిలు ఇవ్వడం, వాడినవి వెనక్కి తీసుకుని జాగ్రత్తగా పారవేయడం.
• సూది మత్తు బదులు డాక్టర్ పర్యవేక్షణలో మందు ఇవ్వడం. దీన్ని ఓఎస్‌టీ అంటారు. మన దగ్గర ఎక్కువగా వాడేది నాలుక కింద పెట్టుకునే బూప్రెనార్ఫిన్ మాత్ర. కొన్ని కేంద్రాల్లో మెథడోన్ కూడా ఇస్తారు.
• హెచ్‌ఐవీ పరీక్ష, సోకితే ఏఆర్‌టీ మందులు.
• హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, చికిత్స. టీబీ పరీక్ష, చికిత్స.
• సుఖవ్యాధుల చికిత్స, కండోమ్‌లు, వాడేవారికీ వారి భాగస్వాములకూ సరైన సమాచారం.

ఈ పని ఆస్పత్రి గదిలో కూర్చుంటే జరగదు. ఒకప్పుడు మత్తు వాడి ఇప్పుడు మానేసినవారే చాలాచోట్ల పీర్ ఎడ్యుకేటర్లుగా వీధుల్లోకి వెళ్లి మాట్లాడతారు. ఎవరు ఎక్కడ ఉంటారో, ఎవరి మాట వింటారో వాళ్లకే బాగా తెలుసు. మార్గదర్శకాలు రాసేటప్పుడు కూడా డాక్టర్లతో పాటు వీరి అనుభవం అవసరం.

సూది ఇస్తే అలవాటు పెంచినట్టు కాదా?

చాలామంది తల్లిదండ్రులు అడిగే మాట ఇదే. కొత్త సూదులు ఇచ్చినందువల్ల మత్తు వాడకం పెరగదని అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. పైగా సూది కోసం కేంద్రానికి వచ్చిన మనిషికి పరీక్ష చేయించవచ్చు, ఓఎస్‌టీ గురించి చెప్పవచ్చు. అసలు రాని మనిషికి ఏదీ చెప్పలేం.

ముస్లిం దేశాల్లోనూ ఈ చర్చ జరిగింది. 2005లో ఇరాన్ న్యాయవ్యవస్థ ఈ చికిత్సకు అడ్డు రావొద్దని న్యాయాధికారులకు ఆదేశం ఇచ్చింది. మలేషియా 2005లో మెథడోన్, 2006లో సూదుల మార్పిడి ప్రారంభించింది. కౌలాలంపూర్‌లోని అర్‌రహమాన్ మస్జిద్‌లో యూనివర్సిటీ ఆఫ్ మలయా డాక్టర్ల సహకారంతో మెథడోన్ చికిత్స కార్యక్రమం కూడా నడిచింది. మత్తు హరామ్ అన్న మాట అక్కడ మారలేదు. ప్రాణం కాపాడటం కూడా బాధ్యతేనని వాళ్లు భావించారు.

చట్టం ఏమంటోంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం మత్తుమందు వాడటం కూడా నేరమే. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న బాధితుడు తనంతట తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని 22వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ ముప్పు తగ్గించే సేవలు అందించడం, వాడుకోవడం నేరం కాదు. అంగీకారం లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి.

ఇంకా మిగిలిన పని

2019లో విడుదలైన ఎయిమ్స్ జాతీయ సర్వే దేశంలో సుమారు 8.5 లక్షల మంది సూదితో మత్తు తీసుకుంటున్నారని అంచనా వేసింది. సామాన్య వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.2 శాతం దగ్గర ఉంటే, 2021 నాకో లెక్కల్లో వీరిలో అది దాదాపు 9 శాతం. మార్గదర్శకాలు కాగితం మీద ఉన్నంత మాత్రాన సూది, మాత్ర అందరికీ అందుతున్నాయని కాదు. ఒక్కొక్కరికి ఏడాదికి కనీసం 200 సూదులు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 కోసం లక్ష్యం పెట్టింది. 2030కి అది 300. మహిళలు అయితే కేంద్రానికి రావడానికే భయపడతారు. వారికి పరువు భయం రెట్టింపు.

ఇంట్లో వాళ్లు చేయగలిగింది

కొట్టి గదిలో బంధిస్తే చాలు అనుకోవడం ప్రమాదం. కొన్ని వారాలు మానేసిన శరీరానికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు. డీ-అడిక్షన్ కేంద్రం నుంచో జైలు నుంచో వచ్చిన మొదటి రోజుల్లో పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు.

పిలిస్తే పలకకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం, పెదవులు నీలంగా మారడం, కంటిపాప చుక్కలా చిన్నదవడం ఓవర్‌డోస్ లక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఏం తీసుకున్నాడో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. నలోక్సోన్ అనే ఇంజెక్షన్ హెరాయిన్ వంటి మందుల ప్రభావాన్ని తిప్పికొట్టగలదు, కానీ సమయానికి ఆస్పత్రికి చేరాలి.

మత్తు విడిపించే సలహా కోసం 14446, హెచ్‌ఐవీ సమాచారం కోసం 1097 జాతీయ హెల్ప్‌లైన్లు ఉచితం. హెపటైటిస్ సీకి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు. చాలామందికి సుమారు మూడు నెలల చికిత్సతో అది నయమవుతుంది.

పరువు కోసం దాచిపెట్టిన ప్రతి నెలా ఆ సూది ఇంకొకరి చేతిలోకి వెళ్లే అవకాశం పెరుగుతుంది. అబ్బాజాన్‌కో అమ్మీకో మొదట తెలిసిన రోజే పరీక్షకు తీసుకెళ్తే, మానేయడానికి ఆ బిడ్డకు ముందు ఇంకా సమయం ఉంటుంది.