రెండు మెషీన్లు, ఒకటే అడ్రస్: 10.0.2.15 వెనకున్న కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నదే, చదువుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా ఇక్కడ పెడుతున్నాం.

రింగాస్కిడీ కార్క్ హార్బర్ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఒక పక్క ఫ్రాన్స్ వెళ్లే ఫెర్రీ, ఇంకో పక్క మందుల ఫ్యాక్టరీలు. 1969లో ఐర్లాండ్‌కి వచ్చిన ఫైజర్ ఇక్కడే ప్లాంట్ పెట్టింది, తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. అక్కడ షిఫ్టుల్లో పనిచేసే ఒక శ్రోత ఐటీలోకి మారాలని ఇంట్లో ల్యాబ్ పెట్టుకున్నారు. పాత ల్యాప్‌టాప్, వర్చువల్‌బాక్స్, అందులో రెండు ఉబుంటులు. రెండిట్లోనూ ఇంటర్నెట్ వస్తోంది. ఒకదాని నుంచి రెండోదానికి పింగ్ కూడా పోతోంది. ఎస్ఎస్‌హెచ్ చేస్తే మాత్రం మళ్లీ మొదటి మెషీన్‌లోకే వస్తున్నారు! నాలుగు రోజుల ఆఫ్‌లో మూడుసార్లు ఇన్‌స్టాల్ చేసి, "ఈ వయసులో ఇది నాకు ఎక్కదేమో" అని రాశారు.

విషయం వయసుది కాదండీ. రెండు మెషీన్లలోనూ "ఐపీ ఏ" అని కొట్టి చూస్తే ఒకటే నంబరు కనిపిస్తుంది: 10.0.2.15. అంటే ఆయన మెషీన్ తనని తానే పలకరించుకుంటోంది. ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అదే నంబరు వస్తుంది, ఎందుకంటే దాని మూలం 1990ల నాటి డయలప్ ఫోన్ లైన్‌లో ఉంది.

అప్పట్లో విద్యార్థులకి దొరికేది షెల్ అకౌంట్. మోడెమ్‌తో యూనివర్సిటీ కంప్యూటర్‌కి ఫోన్ చేస్తే తెరమీద అక్షరాలు మాత్రమే వచ్చేవి. ఇంటి కంప్యూటర్ నేరుగా ఇంటర్నెట్‌లో చేరాలంటే వేరే అకౌంట్, వేరే రేటు. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడూ ఇదే తేడా: చవకది అక్షరాలకే, బొమ్మలు కావాలంటే జేబు బరువుగా ఉండాలి. ఆ రోజుల్లోనే డానీ గాస్పరోవ్‌స్కీ అనే ప్రోగ్రామర్ స్లిర్ప్ అని ఒకటి రాశాడు. షెల్ అకౌంట్‌లో మామూలు యూజర్‌గానే దాన్ని నడపొచ్చు, అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. ఇంటి కంప్యూటర్ పంపిన ప్యాకెట్లని అందుకుని, తన పేరు మీద బయటికి కనెక్షన్ తెరిచి, జవాబు వెనక్కి ఇచ్చేది. ఇంటి కంప్యూటర్‌కి ఒక నంబరు కావాలి కాబట్టి 10.0.2.15 పెట్టుకోమనేది. బయట ఎవరికీ కనిపించని నంబరు కదా, వందమంది అదే పెట్టుకున్నా గొడవ లేదు. ఒక ఫోన్ లైన్‌కి ఒక స్లిర్ప్, దాని వెనక ఒకటే కంప్యూటర్.

10తో మొదలయ్యే నంబర్లు, 192.168వి ప్రైవేటు వాడకానికని 1994లో విడిగా పెట్టారు, 1996 ఫిబ్రవరిలో ఆ పద్ధతి ఖరారైంది. 1994 మేలోనే ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ న్యాట్ గురించి పత్రం రాశారు. ప్రపంచంలో అడ్రస్‌లు అయిపోతున్నాయి, అసలు పరిష్కారం వచ్చేదాకా ఇది తాత్కాలికం అన్నారు. తాత్కాలికం అని వేసిన రేకుల షెడ్డు ఎన్నాళ్లుంటుందో మనకి తెలియనిదా! ఇప్పటికీ మీ ఇంట్లో రౌటర్ చేసేది అదే పని.

వర్చువల్‌బాక్స్ 2007 జనవరిలో ఓపెన్ సోర్స్‌గా వచ్చింది. న్యాట్ కోసం స్లిర్ప్ కోడ్‌నే తీసుకున్నారు, నంబరూ అదే వచ్చింది. ప్రతి మెషీన్‌కీ సొంత స్లిర్ప్, సొంత గోడ.

ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లకి ఇది వింతేమీ కాదు. 2015 జులైలో ఎయిర్‌కోడ్ వచ్చేదాకా ఈ దేశంలో మూడో వంతుకి పైగా ఇళ్లకి పక్కింటి అడ్రస్సే ఉండేది. ఏ ఉత్తరం ఎవరిదో పోస్ట్‌మ్యాన్ బుర్రలో ఉండేది. న్యాట్ కూడా అలాంటి పోస్ట్‌మ్యానే. మీరు బయటికి పంపిన ఉత్తరానికి జవాబు తెచ్చిస్తాడు. ఇక్కడ ఒక్కో ఇంటికి ఒక్కో పోస్ట్‌మ్యాన్, వాళ్లలో వాళ్లకి పరిచయమే లేదు, పక్కింటికి ఉత్తరం పోయే దారి లేదు.

చేయాల్సింది రెండు మెషీన్లనీ ఒకే పోస్ట్‌మ్యాన్ కిందికి తేవడం. 2013లో 4.3 వెర్షన్‌తో వచ్చిన "న్యాట్ నెట్‌వర్క్" ఇందుకే. ముందు వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ టూల్స్‌లో ఒకటి తయారుచేయండి, తర్వాత రెండు మెషీన్ల సెట్టింగ్స్‌లోనూ "న్యాట్" తీసేసి దాన్ని ఎంచుకోండి. ల్యాప్‌టాప్ నుంచి కూడా లాగిన్ అవ్వాలంటే రెండో అడాప్టర్‌గా హోస్ట్ ఓన్లీ పెట్టండి, మామూలుగా 192.168.56తో మొదలయ్యే నంబర్లు వస్తాయి. బ్రిడ్జ్‌డ్ పెట్టమని చాలామంది చెబుతారు. అద్దె గదిలో వైఫై మీద దాన్ని నేను సలహా ఇవ్వను. కేబుల్ మీద బాగా నడుస్తుంది, కానీ వైఫై యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన ల్యాప్‌టాప్‌నే గుర్తిస్తుంది, దాని లోపలున్న మెషీన్లని కాదు. వర్చువల్‌బాక్స్ ఏదో సర్దుబాటు చేస్తుంది గానీ నమ్మకం తక్కువ.

ఒక మెషీన్‌ని క్లోన్ చేసి రెండోది తయారుచేశారా? క్లోన్ చేసేటప్పుడే కొత్త మ్యాక్ అడ్రస్‌లు అడగండి. అది చేసినా న్యాట్ నెట్‌వర్క్‌లో రెండిటికీ ఒకే నంబరు వస్తుంటే మెషీన్ ఐడీ చూడండి. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి నంబరు అడిగేటప్పుడు ఆ ఐడీ నుంచి తయారైన గుర్తింపునే చూపిస్తుంది, క్లోన్‌లో అదీ కాపీ అయిపోతుంది. క్లోన్‌లో దాన్ని కొత్తగా పుట్టించి రీబూట్ చేయాలి.

రెండోది విండోస్ అయితే నంబర్లు వేరుగా ఉన్నా పింగ్‌కి పలక్కపోవచ్చు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ ప్రపంచమంతా పాకాక, మరుసటి ఏడాది ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఫైర్‌వాల్ ముందే ఆన్ అయి వస్తోంది. దాన్ని మొత్తం ఆపేయకండి, ఎకో రిక్వెస్ట్ రూల్ ఒక్కటి అనుమతిస్తే చాలు.

నంబరుతో పోయి పేరుతో పోకపోతే అది డీఎన్ఎస్ సంగతి. 1983లో మొదలైన ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో.