మైల్డ్ ఏల్ దినుసులు

మైల్డ్ ఏల్ ఇంగ్లాండుకు చెందిన ఒక రకం బీరు. ఇది సాధారణంగా ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఇందులో ఆల్కహాలు 3 నుండి 3.6 శాతం వరకు మాత్రమే ఉంటుంది. ఆల్కహాలు, చేదు రెండూ తక్కువ కావడం వలన దినుసులలోని లోపం రుచిలో వెంటనే బయటపడుతుంది. అందుచేత దీనిని ఇంట్లో తయారుచేసేవారికి దినుసుల ఎంపికే ముఖ్యమైన పని.

చరిత్ర

మాగబెట్టి పులుపెక్కిన పాత బీరు నుండి వేరుచేయడానికి, తాజాగా అమ్మే బీరును పూర్వం "మైల్డ్" అనేవారు. 19వ శతాబ్దంలో ఇది ఘాటైన పానీయమే. మొదటి ప్రపంచయుద్ధ కాలపు ధాన్యపు కొరత, పన్నులు, ఆంక్షల వలన పలుచబడింది. 20వ శతాబ్దపు మధ్యభాగం వరకు కార్మికులు విరివిగా తాగిన ఈ బీరు తరువాత దాదాపు కనుమరుగైంది. 1971లో ఏర్పడిన కామ్రా అనే వినియోగదారుల సంస్థ దీని పునరుద్ధరణకు కృషి చేసింది. బ్రిటనులో ఇంటి తయారీకి లైసెన్సు అవసరం 1963లో తొలగిపోయింది.

మాల్టు

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీయే మాల్టు. మన ఇళ్ళలో రాగులను మొలకెత్తించి మాల్టు చేయడంలో ఉన్న సూత్రమే ఇందులోనూ ఉంది: మొలకెత్తే గింజలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. 20 లీటర్ల బీరుకు సుమారు 2.5 కిలోల లేత మాల్టు ఆధారం. 1960లలో వచ్చిన మారిస్ ఆటర్ అనే బార్లీ రకం దీనికి పేరుపొందింది. దీనికి 250 గ్రాముల క్రిస్టల్ మాల్టు కలిపితే తీపి, నిండుదనం వస్తాయి. బాగా వేయించిన చాక్లెట్ మాల్టు 80 గ్రాములు చాలు. పేరు చాక్లెట్ అయినా ఇందులో కోకో ఉండదు. రంగు కోసం దీనిని ఎక్కువగా వేస్తే మాడు రుచి వస్తుంది. కొత్తవారు తరచు చేసే పొరపాటిదే.

మాల్టును 67-68 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో సుమారు గంటసేపు నానబెడతారు. ఇంతకంటే తక్కువ వేడిలో నానబెడితే పులియని చక్కెరలు తగ్గి, బీరు నీళ్ళలా తయారవుతుంది.

చక్కెర

1880 నాటి చట్టంతో బ్రిటిషు తయారీదారులకు దినుసుల ఎంపికలో స్వేచ్ఛ పెరిగి, చక్కెర వాడకం విస్తరించింది. మైల్డ్‌లో ముదురు రంగు ఇన్వర్ట్ చక్కెర 200 గ్రాముల వరకు వేస్తారు. ఇది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టిన చక్కెర. ఎండుద్రాక్షను తలపించే రుచి దీని వలన వస్తుంది.

హాప్స్, ఈస్టు

ఫగుల్ లేదా గోల్డింగ్స్ రకం హాప్ పువ్వులు 30 గ్రాములు గంటసేపు మరిగిస్తే సరిపోతుంది. నిమ్మజాతి వాసనగల అమెరికా రకాలు దీనికి నప్పవు. చక్కెరను పూర్తిగా హరించని ఇంగ్లీషు ఈస్టును 18-20 డిగ్రీల వద్ద పులియనివ్వాలి.

నీరు

క్లోరైడు పాలు ఎక్కువగా ఉన్న నీరు మాల్టు తీపిని పెంచుతుంది. సల్ఫేటు చేదును ఎత్తిచూపుతుంది. హైదరాబాదులోని యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వంటి చోట్ల బోరునీరు కాచిన గిన్నెలకు పట్టే తెల్లని పొర తాత్కాలిక కఠినత్వానికి గుర్తు. కాస్త కఠినమైన నీటి క్షారతను వేయించిన మాల్టులోని ఆమ్లగుణం సరిచేస్తుంది. లండను నీటితో ముదురు బీర్లు బాగా కుదరడానికి ఇదొక కారణం. నల్లానీటిలోని క్లోరిన్‌ను మాత్రం ముందుగా మరిగించి పోగొట్టాలి, లేకపోతే మందుల వాసన వస్తుంది.

చట్టం

తెలంగాణలో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం, ఇంటి వాడకానికైనా సరే, 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం నేరం. 2015 నియమాలతో మైక్రోబ్రూవరీలకు లైసెన్సులు ఇవ్వడానికి వీలు కలిగింది.