మేం బిగించిన సైకిళ్ళు

సైకిల్ చరిత్ర అంటే కంపెనీల చరిత్రే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1951లో అట్లాస్, 1956లో హీరో సైకిళ్ళు మొదలయ్యాయి. ఇదంతా రాసి ఉంది. ఖమ్మంలో చెట్టు కింద రేకుల దుకాణం గురించి మాత్రం ఎక్కడా రాసి లేదు. అందులో పానా పట్టుకొని కూర్చున్న మా అబ్బా ఏ చరిత్రలోనూ లేడు.

మా ఇళ్ళల్లో కొత్త సైకిల్ అంటే పెళ్ళిలో జహేజ్‌గా వచ్చేదే. మిగతావాళ్ళం సైకిల్ కొనలేదు, బిగించుకున్నాం. పాత ఇనుం కొట్లో ఫ్రేము తూకానికి దొరికేది. ఏ లారీ కిందో పడి వంకరైన ఫ్రేము. దాన్ని కాల్చి, కొట్టి సరిచేసేవాళ్ళు. విరిగినచోట ఇత్తడి కరిగించి అతికేవాళ్ళు. ఒకదాని హ్యాండిలు, ఇంకోదాని ఫోర్కు, మరోదాని చైను. ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కనక దానికి ఎక్కువ. చువ్వలన్నీ అల్లాక బెండు తీయాలి. చక్రం తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క ఆనిస్తే, వంకరున్నచోట గీత పడుతుంది. అక్కడ ఎదుటి వైపు చువ్వ బిగించాలి. ఈ లెక్క మేం పుస్తకంలో చదవలేదు. ఉస్తాద్ తిట్లు తింటూ వేళ్ళతో నేర్చుకున్నాం.

ఎవరి పనికి తగ్గ సైకిల్ వాళ్ళకుండేది. సాన పట్టే చాచా స్టాండు వేసి తొక్కితే వెనక చక్రం నుంచి బెల్టు మీదుగా సానరాయి తిరిగేది. కోళ్ళ గంపలు కట్టేవాళ్ళకి క్యారియర్ కింద అదనపు కడ్డీలు. బరువు లాగేవాళ్ళకి వెనక పెద్ద పళ్ళచక్రం. వేగం తగ్గేది, మోకాళ్ళు మిగిలేవి. దూదేకుల మామూ సైకిల్‌కి విల్లు తగిలించడానికి కొక్కేలు. పోలియో వచ్చిన పిల్లవాడికి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. మేం పిల్లలం సీటు అందక అడ్డగొట్టం కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్ళం.

ఆపా అలా తొక్కడం కుదరదు. హైస్కూలేమో మూడు మైళ్ళు. అబ్బా ఒక పాత సైకిల్ అడ్డగొట్టం కోసి, కిందికి వంచి అతికాడు. చున్నీ చక్రంలో పడకుండా వెనక జాలీ కట్టాడు. ఆడపిల్లకి సైకిలేంటని మసీదు దగ్గర పెద్దలు అడిగారు. అబ్బా జవాబు చెప్పలేదు. ఆపా పది పాసయ్యేదాకా ఆ సైకిల్‌కి పంక్చరైనా, చైను తెగినా రాత్రికి రాత్రే బాగుచేసి ఉంచేవాడు. మా హునర్ విలువ మాకు తెలిసింది అప్పుడే.

చరిత్రలో రాయనిది దుకాణం ఒక్కటే కాదు. హీరో సైకిళ్ళు పెట్టిన ముంజాల్ అన్నదమ్ములది ఇప్పటి పాకిస్తాన్‌లోని కమాలియా. విభజన రోజుల్లో సైకిల్ సీట్లు తయారుచేసే కరీం దీన్ అనే ముస్లిం పాకిస్తాన్ వెళ్ళిపోతూ మిత్రుడు ఓం ప్రకాశ్ ముంజాల్‌ని కలిశాడు. తన సరుకుకు పెట్టుకున్న 'హీరో' అనే పేరు వాడుకోనిస్తావా అని ముంజాల్ అడిగితే సరేనన్నాడు. ఈ సంగతి ముంజాల్ కుటుంబమే తమ చరిత్రలో రాసుకుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడి నుంచి వెళ్ళిపోయేవాడు పేరు ఇచ్చిపోయాడు. 1986లో ఆ కంపెనీ ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ తయారీదారుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ పేరు మాదని మేం దావా వేయడం లేదు. ఇచ్చినవాడు ఇష్టంగానే ఇచ్చాడు. ఎవరిచ్చారో గుర్తుంచుకోమంటున్నాం, అంతే.

మమ్మల్ని గుర్తుపెట్టుకునేది వేరే రకంగా. 'పంక్చర్‌వాలా' అనేది ఇప్పుడు మా మతానికి తిట్టు. వక్ఫ్ ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేస్తూ బతకాల్సి వచ్చేది కాదని 2025 ఏప్రిల్ 14న హిసార్‌లో ప్రధాని అన్నారు. వక్ఫ్ భూములు ఎవరెవరు మింగారో మాకూ తెలుసు, మావాళ్ళూ అందులో ఉన్నారు. కానీ ముస్లిం పనివాళ్ళలో 61 శాతం స్వయం ఉపాధి మీద బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. నౌకరీ దొరకనివాడు దుకాణం తెరుస్తాడు. పంక్చర్ వేయడం అవమానం కాదు. అదొక్కటే దారిగా మిగల్చడం అవమానం.

తప్పు మాలోనూ ఉంది. బడిలో తండ్రి వృత్తి అడిగితే మేం 'వ్యాపారం' అని రాశాం. దోస్తులు దుకాణం వైపు వస్తుంటే పక్క సందులోకి తప్పుకున్నాం. వంకర చక్రాన్ని చూపుతోనే పసిగట్టే మనిషిని, నల్లటి చేతులున్నాయని దాచిపెట్టాం. ఎవరో మమ్మల్ని చరిత్రలో రాయలేదని ఇవాళ అడుగుతున్నాం. మేమూ రాయలేదు.

అందుకే ఇది రాస్తున్నాం. మా అబ్బా సైకిల్ మిస్త్రీ.